యాత్ర ఆగిన రెండేళ్ళు: భద్రాద్రి దారిలో లెక్కకు రాని బతుకులు

ఖమ్మంలో ఈ స్మారకోపన్యాసం చేయమని కోరినప్పుడు విషయం ఎంచుకునే స్వేచ్ఛను నిర్వాహకులు నాకే విడిచిపెట్టారు. ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర పాఠం చెప్పే తీరును బట్టి నేను ఎంచుకున్నాను. ఏ రాజ్యం కథ మొదలుపెట్టినా రాజు పేరు చెప్పకముందే ఆయన ఒక ప్రశ్న వేసేవారు: శిస్తు ఎవరు కట్టారు, దాన్ని ఎవరు రాసుకున్నారు? ఆ ప్రశ్ననే మన కాలానికి, మనం రోజూ తిరిగే దారికి వేసి చూద్దామన్నది నా ప్రయత్నం.

కోవిడ్ మహమ్మారి దేశ పర్యాటక రంగాన్ని ఎంతగా కుంగదీసిందో చెప్పే అంకెలకు కొదవ లేదు. 2019లో మన దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు కోటీ 9 లక్షలకు పైనే. 2020లో ఆ సంఖ్య 27 లక్షలకు, 2021లో 15 లక్షలకు పడిపోయింది. దేశంలోపలి పర్యటనలు 232 కోట్ల నుంచి ఒక్క ఏడాదిలో 61 కోట్లకు దిగాయి. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లోనే ఈ రంగం మీద ఆధారపడిన కోటీ 45 లక్షల ఉద్యోగాలు పోయాయని ఒక అధ్యయనం ఆధారంగా కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఈ అంకెలను నేను కాదనను. కానీ మొదటివి వచ్చిపోయేవాళ్ళ లెక్కలు. చివరిది దేశం మొత్తానికి వేసిన అంచనా. ఏ గుడి మెట్ల దగ్గర, ఏ రేవులో, ఎవరు ఏం పోగొట్టుకున్నారో వాటిలో కనిపించదు.

నా వాదన ఇది. మన దేశంలో పాలన యాత్రికుణ్ణి రెండు శతాబ్దాలుగా రెండు రకాలుగానే గుర్తిస్తూ వచ్చింది. ఒకటి, అతను పన్ను తెచ్చేవాడు. రెండు, అతను రోగం తెచ్చేవాడు. అతని రాక మీద బతికే మనిషికి మాత్రం ఎన్నడూ ఖాతా తెరవలేదు. అందుకే 2020లో దారి ఎలా మూయాలో పాలనకు తెలిసింది. దేవుడి కల్యాణం ఆగకుండా ఎలా చూడాలో కూడా తెలిసింది. ఆ దారి మీద బతుకుతున్నవాళ్ళు ఎవరో, ఎందరో తెలియలేదు.

భద్రాద్రి కథే ఒక లెక్కల తగాదా. మన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు ఖజానాకు చేరకుండా గుడిగా మారింది. గోపన్న గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆ బాకీని రాముడే స్వయంగా వెళ్ళి తీర్చి వచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కథలో రాముడు చెల్లించాడు, సుల్తాను పుచ్చుకున్నాడు, గోపన్న విడుదలై రామదాసుగా నిలిచాడు. అసలు ఆ శిస్తు కట్టిన పరగణా రైతు ఊసు ఎక్కడా లేదు. అంతకు ముందటి కథలో పోకల దమ్మక్క ఉంది. అడవి పల్లె ఆడమనిషి. విగ్రహాలను మొదట చూసినదీ, పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టినదీ ఆమేనంటారు. గుడి పెద్దదయ్యేకొద్దీ ఆమె కథ మొదటి పేజీకే పరిమితమైంది. 1687లో గోల్కొండ మొగలుల పాలైంది. అయినా కల్యాణానికి పాలకుడు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నిజాముల కాలం దాటి, ఎన్నికైన ప్రభుత్వాల దాకా నడిచి వచ్చింది. రాజ్యాలు ఎన్ని మారినా రాముడి ఖాతా మూతపడలేదు. దాని పక్కన మరో ఖాతా తెరుచుకోనూ లేదు.

రాజ్యాలు మారడమన్నది ఈ నేలకు అలవాటైన సంగతి. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. అవి కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. అంటే ఎనభై ఏళ్ళకు పైగా ఎడమ గట్టు మీద గుడి ఒక ప్రభుత్వానిది, కుడి గట్టు మీద బూర్గంపాడు మరో ప్రభుత్వానిది. రాముడి దర్శనానికి పడవెక్కిన తెలంగాణ యాత్రికుడు ఏటి నడుమ ఎల్ల దాటేవాడు. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. పడవ మీద పోయే ఊరు బస్సు మీద పోయే ఊరైంది. 2014లో ఎల్ల మళ్ళీ వచ్చి ఊరి పొలిమేరలోనే నిలబడింది. పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. 2016 నుంచి అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఎటపాక వైపు కాస్త దూరం నడిస్తే వేరే రాష్ట్రం. మామూలు రోజుల్లో ఇది ఎవరికీ పట్టదు. దారి మూసిన రోజున మాత్రం ఇదే అన్నిటికంటే పెద్ద సంగతి అయింది.

ఇక పాలన యాత్రికుణ్ణి చూసిన తీరు. పూరీ జగన్నాథుని దర్శనానికి వచ్చేవాళ్ళ మీద ఈస్టిండియా కంపెనీ 1806లో పన్ను విధించి 1840 వరకు వసూలు చేసింది. అది మొదటి చూపు. రెండో చూపు కలరాతో వచ్చింది. 1865లో మక్కా యాత్రికుల్లో రేగిన కలరా ఐరోపా దాకా పాకింది. మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్‌లో పలు దేశాల ప్రతినిధులు సమావేశమై గంగా తీరం వైపు, అక్కడి తీర్థాల వైపు వేలు చూపించారు. 1867 హరిద్వార్ కుంభమేళా నుంచి ఇళ్ళకు మళ్ళిన జనంతోపాటు కలరా ఉత్తర భారతమంతటా వ్యాపించింది. 1892లో అదే హరిద్వార్‌లో ఒక మేళాను ప్రభుత్వం మధ్యలోనే చెదరగొట్టింది. 1897లో బొంబాయి ప్లేగు కారణంగా అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగంటే నాలుగు సెక్షన్ల చట్టం. రైల్లోగానీ మరో విధంగాగానీ ప్రయాణించేవాళ్ళను తనిఖీ చేయడానికి, వేరుచేసి ఉంచడానికి అది అధికారం ఇచ్చింది. ఆదేశాన్ని మీరినవాడికి శిక్ష చెప్పింది. సదుద్దేశంతో పనిచేసిన అధికారికి రక్షణ కల్పించింది. ప్రయాణం ఆగినందువల్ల బతుకు ఆగిపోయినవాడి గురించి అందులో ఒక్క మాట లేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటి మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. దాన్ని మోసుకొచ్చింది యాత్రికులు కారు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఓడలు, సైనికులు, రైళ్ళు. అయినా యాత్రికుడి మీద పడ్డ ముద్ర చెరగలేదు. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు జారీ చేసింది ఆ 1897 చట్టం కిందనే. 123 ఏళ్ళలో మన దగ్గర రైలు మారింది, వైద్యం మారింది. ఆ చట్టపు చూపు మారలేదు.

ఆ ఏడాది మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే లాక్‌డౌన్. శ్రీరామనవమి ఏప్రిల్ 2న. మిథిలా స్టేడియంలో వేలాది మంది నడుమ జరగవలసిన కల్యాణం గుడి ప్రాంగణంలోనే, భక్తులు లేకుండా, కొద్దిమంది అర్చకులు, అధికారుల సమక్షంలో జరిగింది. దేవాదాయ మంత్రి ప్రభుత్వం తరఫున పట్టు వస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించారు. టీవీలో ఇంటింటా చూశారు. జూన్ 8న గుడులు తెరిచినా యాత్ర తిరిగి పుంజుకోలేదు. 2021 ఏప్రిల్ 21న నవమి వచ్చేసరికి రెండో అల ఊళ్ళ మీద ఉంది. ఆ కల్యాణమూ ఏకాంతంగానే జరిగింది. మే 12 నుంచి రాష్ట్రంలో మళ్ళీ లాక్‌డౌన్.

ఆ రెండు నవములు గుడి మెట్ల కింద ఎలా గడిచాయో కాస్త దగ్గరగా చూడాలి. అక్కడి చిన్న అంగడివాడి ఏడాది జనవరితో మొదలు కాదు, నవమితో మొదలవుతుంది. తులసి మాలలు, రామకోటి పుస్తకాలు, పసుపు కుంకుమ పొట్లాలు, సీతారాముల పటాలు, పిల్లల విల్లంబులు, ప్లాస్టిక్ గదలు. వీటికి బయటి ఊళ్ళ టోకు దుకాణాల్లో అరువు పెడతాడు. కొంత చేబదులు, కొంత వడ్డీ. సరుకు పండగకు ముందే దిగాలి. నవమి, ఆ మర్నాటి పట్టాభిషేకం ఒడ్డున పడితే పాత అప్పు తీరి, వానాకాలం గడవడానికి నాలుగు డబ్బులు మిగులుతాయి. 2020లో దారి మూసింది పండగకు పదకొండు రోజుల ముందు. సరుకు అప్పటికే దిగింది. పటాలు పాడవవు, వచ్చే ఏడాది అమ్ముకోవచ్చు అనుకున్నారు. వచ్చే ఏడాదీ రాలేదు. పూలమ్మే ఆమెకు ఆ మాత్రం ఊరటా లేదు. మల్లె, చామంతి సాయంత్రానికే వాడిపోతాయి. కొబ్బరికాయల గుట్ట ముందు కూర్చునేవాడిదీ అంతే, నెల దాటితే కాయ కుళ్ళుతుంది. కల్యాణకట్టలో తలనీలాలు తీసేవాళ్ళకు గుడుల్లో సాధారణంగా వచ్చేది తలకింత అనే వాటా. తల రాకపోతే వాటా లేదు. గుడిలో నిత్య కైంకర్యాలు ఒక్క పూట కూడా తప్పలేదు, తప్పకూడదు కూడా. ఆ కైంకర్యానికి గుడి బయట పూలు, కాయలు అందించే చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఇవి ఉద్యోగాలు కావు కాబట్టి పోయిన ఉద్యోగాల లెక్కలో ఇవి చేరాయో లేదో చెప్పగలిగే కాగితం ఏ కార్యాలయంలోనూ లేదు.

దారి మూయడం తప్పు అని నేను అనడం లేదు. ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ఆసుపత్రి కోసం మూడు రాష్ట్రాల అడవి పల్లెలు భద్రాచలం మీద ఆధారపడే చోట, కొండ మీది గూడేనికి రోగం ఎక్కితే దింపే వాహనం కూడా లేని చోట, లక్షమంది ఒక చోట చేరితే ఏమయ్యేదో ఊహించలేనిది కాదు. ఆదివాసీలు ప్రభుత్వం కంటే ముందే మేల్కొన్నారు. మార్చి చివరి రోజుల్లో ఏజెన్సీ ఊళ్ళు చాలా చోట్ల పొలిమేర దారికి అడ్డంగా దుంగలు, ముళ్ళకంపలు పడేసుకున్నాయి. రోగం వస్తే ఊరు కట్టడి చేసుకోవడం వాళ్ళకు తాతల నాటి పద్ధతి. అయితే ఊరు కట్టడి చేసుకున్నప్పుడు లోపల ఎవరి ఇంట్లో గింజలున్నాయో, ఎవరి ఇంట్లో లేవో ఆ ఊరికి తెలుసు. అది ఇప్పపూవు రాలే కాలం, దాని వెనకే తునికాకు కోత. ఏరిన పూవు, ఎండిన చింతపండు వారపు సంతకు చేరాలి. సంతలూ ఆగాయి. యాత్రికుల బస్సు ఆగడానికీ, సంత ఆగడానికీ మధ్య ఉన్న బంధం పట్నం నుంచి చూసేవాళ్ళకు తోచదు. భద్రాచలంలో డబ్బు తిరిగితేనే చుట్టుపక్కల సంతల్లో కొనేవాడు ఉంటాడు.

అదే కాలంలో ఈ దారుల మీద మరో యాత్ర సాగింది. మార్చి, ఏప్రిల్ నెలలు మన చేలల్లో మిరప కోతలు. బీజాపూర్, సుక్మా, దంతేవాడల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గోదావరి గట్ల వెంట కోతకు వస్తాయి. బస్సులు లేవు, రాష్ట్రం ఎల్ల దగ్గర కాపలా ఉంది. జనం అడవి దారులు పట్టారు. ఆ ఏప్రిల్‌లో మన పక్కనే ఉన్న ములుగు జిల్లా పేరూరు మిరప చేలల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచిన 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక, ఇల్లు మరికాస్త దూరం ఉందనగా దారిలోనే ప్రాణం విడిచింది. పర్యాటకం మీద ఉపన్యాసంలో ఈ సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. యాత్రికుడు రావడానికి వేసిన దారే ఆమె ఇంటికి పోయే దారి కూడా. మూసినవాళ్ళకు ఆ దారి మీద యాత్రికుడు ఒక్కడే కనిపించాడు.

గోదావరిలో లాంచీ విహారం సాగే పాపికొండల సంగతి వేరుగా చెప్పాలి. అక్కడ మహమ్మారి ఆరు నెలలు ముందే వచ్చినట్టయింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. అందులోని 77 మందిలో 26 మందే బయటపడ్డారు. పడవలన్నీ ఆపారు, ఆపవలసిందే. అనుమతులు, తనిఖీలు ఒక కొలిక్కి రాకముందే లాక్‌డౌన్ వచ్చింది. విహారం మళ్ళీ నిలకడగా మొదలైంది 2021 చివరలో. రెండేళ్ళకు పైగా లాంచీ సరంగుకు, వంటవాడికి, తాడు పట్టే కుర్రాడికి, పోచవరం రేవులో టీ కొట్టు పెట్టుకున్నామెకు పని లేదు. పేరంటాలపల్లిలో యాత్రికులు దిగే మెట్ల పక్కన కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు, బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. పచ్చి వెదురును సన్నని పొరలుగా చీరి, రేకులుగా వంచి, రంగు అద్ది పువ్వు చేస్తారు. ఆ పువ్వు కొనేవాడు లాంచీ దిగాలి, వేరే దారి లేదు. 1940ల తొలినాళ్ళలో ఈ కొండల్లో తిరిగి, 1945లో కొండరెడ్ల మీద పుస్తకం అచ్చువేసిన క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వెదురు, కలప వ్యాపారుల చేతుల్లో వాళ్ళు ఎలా చిక్కుకుపోయారో రాశాడు. అప్పుడు వ్యాపారి, ఇప్పుడు విహారయాత్ర నిర్వాహకుడు. బయటి ప్రపంచంతో బేరం అంతా ఒకే రేవు గుండా సాగవలసిన స్థితి మాత్రం అలాగే ఉంది. పైగా అది పోలవరం ముంపు నేల. మళ్ళీ యాత్ర వచ్చేనాటికి తమ మెట్లు నీటి పైన ఉంటాయో లేదో తెలియని మనుషులు వాళ్ళు.

ఇక్కడ రాష్ట్రం ఎల్ల చేసిన పని చూడండి. యాత్రికుడు దిగే లాడ్జి, తినే హోటలు, ఎక్కే జీపు తెలంగాణలో. అతను ఎక్కే లాంచీ ఆంధ్రప్రదేశ్‌లో. ఒకరికి కలిగిన నష్టం రెండోవారికి అర్థమవుతుంది, ఎందుకంటే ఇద్దరిదీ ఒకటే గిరాకీ. రెండు ప్రభుత్వాలకు మాత్రం అది సగం సగం నష్టం, ఎవరి సగం వాళ్ళకు చిన్నదే.

ఊరట ఏమీ రాలేదని అంటే అన్యాయం అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆకలి కొంత తీరింది. అది పౌరుడికి వచ్చిన సాయం, నష్టపోయిన వ్యాపారానికి కాదు. పర్యాటక రంగం పేరుతో కేంద్రం 2021 జూన్‌లో ప్రకటించిన రుణ హామీ పథకంలో యాత్రా సంస్థలకు 10 లక్షల రూపాయల వరకు, గుర్తింపు పొందిన గైడ్లు 10,700 మందికి లక్ష రూపాయల వరకు అప్పు దొరుకుతుందన్నారు. గుర్తింపు పొందిన అన్న ఆ రెండు మాటల దగ్గరే మన రేవు, మన మెట్లు ఆగిపోయాయి. పర్ణశాలలో సీతమ్మ నారచీర ఆనవాళ్ళు చూపించి కథ చెప్పే మనిషికి ఏ శాఖ గుర్తింపు కార్డు ఇచ్చింది? అంతకు ముందు 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు 10,000 రూపాయల రుణం ఇచ్చే స్వనిధి పథకం వచ్చింది. మంచి పథకమే. అది పట్టణ స్థానిక సంస్థలను ఆధారం చేసుకున్నది. ఇంత రద్దీ ఉన్న భద్రాచలం కాగితం మీద గ్రామ పంచాయతీ. ఏజెన్సీ నేలలో అలా ఉండడానికి గట్టి కారణాలే ఉన్నాయి, ఆదివాసీ హక్కుల రీత్యా నేను వాటిని సమర్థిస్తాను కూడా. కానీ పథకం రాసినవారి మనసులో పట్టణం అంటే మున్సిపాలిటీ, పర్యాటకం అంటే లైసెన్సు.

ఇప్పుడు యాత్ర తీరులోనే వచ్చిన ఒక మార్పు గురించి చెప్పాలి. కల్యాణాన్ని దూరం నుంచి అందుకోవడం మనకు కొత్త కాదు. ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానం వింటూ తెలుగు నేలంతా రేడియో చుట్టూ కూర్చున్న నవములు పెద్దలకు గుర్తే. ఆ గొంతు విన్నవాడికి ఒక్కసారైనా భద్రాద్రి వెళ్ళాలనిపించేది. రేడియో జనాన్ని ఊరికి పంపింది. మహమ్మారి తర్వాత ఊరే జనం ఇంటికి బయల్దేరింది. 2020 జూన్‌లో సరుకు రవాణా విభాగం మొదలుపెట్టిన ఆర్టీసీ, 2022 నవమికి 80 రూపాయలకు తలంబ్రాలు ఇంటికి చేర్చింది. సుమారు 88,700 మంది తెప్పించుకున్నారు. నడవలేని వృద్ధులకు, పరదేశంలో పిల్లలున్న తల్లిదండ్రులకు అది గొప్ప సదుపాయం. ఆర్టీసీకి 70 లక్షల పైచిలుకు రాబడి. కానీ 88,700 పొట్లాలు ఏ కొబ్బరికాయ కొనవు, ఏ ఆటో ఎక్కవు, ఏ సత్రంలోనూ పడుకోవు. దేవుడికీ భక్తుడికీ మధ్య దారి తగ్గింది. ఆ దారి పొడుగునా బతికినవాడికి దక్కేదీ తగ్గింది. ఈ పద్ధతి ఆపమని నేను అనను, ఆగదు కూడా. ఆ 80 రూపాయల్లో మెట్ల కింద ఉన్నవాళ్ళకు వాటా ఏమిటని అడిగిన సందర్భం మాత్రం నాకు కనిపించలేదు.

2022 ఏప్రిల్ 10న రెండేళ్ళ తర్వాత మిథిలా స్టేడియంలో జనం నడుమ కల్యాణం జరిగింది. మూడు నెలలు గడిచాయో లేదో, జూలై 16న గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత ఈ తరం చూసిన అతి పెద్ద వరద అది. రామాలయం పరిసరాల్లోని వీధుల్లోకి నీరు వచ్చింది. నవమికి కొత్తగా చేసిన అప్పుతో తెచ్చిన సరుకులో మిగిలినది ఎవరికి ఎంత తడిసిందో, అదీ ఎక్కడా రాసి లేదు. వరద నష్టం నమోదు చేసేవారు ఇల్లు, పంట, పశువు అని అడుగుతారు. గుడి ముందు గుడ్డ పరచుకుని కూర్చునే అంగడికి ఆ కాగితంలో గడి లేదు.

2027లో గోదావరికి పుష్కరాలు. ఘాట్లు, రోడ్లు, మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే స్థలాలకు అంచనాలు వేస్తారు. వచ్చే జనం ఎంతో కూడా అంచనా వేస్తారు. నేను కోరేది ఆ అంచనాల పక్కన ఒక రిజిస్టరు. మనిషి పేరు, ఊరు, చేసే పని, ఏ నెలల్లో గిరాకీ, సరుకు ఎక్కడి నుంచి, అప్పు ఎవరి దగ్గర, ఎల్లకు ఏ వైపు నివాసం. దేవస్థానం, పంచాయతీ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కలిసి రాయవచ్చు. ఎల్ల అవతలి మండలాల అధికారులు తమ వైపు రాయవచ్చు. వారు రాసేదాకా ఆగనక్కర లేదు. మాస్టారి శిష్యుల్లో ఈ దారి వెంట బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు ఇక్కడే పదుల మంది ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం పనిగా ఇస్తే గుడి మెట్ల పొడుగునా ఒక జట్టు, పర్ణశాలలో ఒక జట్టు, పోచవరం రేవులో ఒక జట్టు వేసవి సెలవులకు ముందే ఈ పని పూర్తి చేయగలవు. పోచవరంలో మాత్రం లాంచీలు బయల్దేరకముందే, పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. ఆ తర్వాత అడిగితే జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.